రెండింట్లోనూ ఉన్న పేర్లు

తుఫాను దగ్గరికొచ్చేసింది. ఆన్‌లైన్ కాలేజీలో డేటాబేస్ కోర్సు చదువుతున్న మనవరాలు వినీల, మా పాలెం నుంచి సముద్రంలోకి చేపల వేటకు వెళ్ళినవాళ్ళ పేర్లు ఒక పట్టికలో, తిరిగొచ్చినవాళ్ళ పేర్లు ఇంకో పట్టికలో ఎక్కించి, రెండూ కలిపి చూసింది.

“అందరూ వచ్చేసినారు అవ్వా. మైకులో కూడా చెప్పించినా,” అంది. వెతకడానికి బయల్దేరబోయిన పడవను ఒడ్డుకు లాగేశారు.

“ఎట్లా కలిపినావు?” అన్నాను.

“రెండింట్లోనూ ఉండే పేర్లే వస్తాయి.”

“అట్లయితే రానివాడు కనిపించేదెట్లా, చదువుల తల్లీ? వెళ్ళినవాళ్ళందరినీ పెట్టి, పక్కన వచ్చినారో లేదో చూపించు.”

సణుగుతూ మార్చింది. ఒక్క పేరు పక్కన గడి ఖాళీగా వచ్చింది.

అది వినీల నాయన పేరు, నా కొడుకు పేరు. వాడు ఒడ్డున వలలు సర్దుతున్నాడనుకుని, వాడి అన్నం మీద మూత పెట్టి కూర్చుని ఉన్నాం.