స్వర్ణకు నచ్చితేనే

“ఏటి, ఇదీ నచ్చనేదా?” గిటారు మెడ పట్టుకుని నీరసంగా అడిగాడు సింహాచలం.

భాను పక్కనున్న స్వర్ణ వైపు చూశాడు. ఆమె ముక్కు చిట్లించింది. పెళ్ళయి నెల తిరగని భార్య ముక్కు చిట్లించాక ఇంక అప్పీలు ఉండదు.

“నచ్చలేదు బాబాయ్,” అన్నాడు సంబరంగా, అదేదో గొప్ప విషయంలా.

అరకు రోడ్డు మీద సింహాచలం హోటల్లో టూరిస్టులు కాఫీ కోసం ఆగుతారు. భాను మాత్రం గోడకి వేలాడే పాత గిటార్ల కోసం వస్తాడు. ఒకప్పుడు విశాఖలో ఆర్కెస్ట్రాల్లో వాయించిన సింహాచలం, ఇప్పుడు పాత గిటార్లు కొని, బాగుచేసి అమ్ముతున్నాడు. భానుకి బ్లూస్ పిచ్చి, అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాటల పిచ్చి, అంటించింది ఆయనే. మొదట బి.బి. కింగ్‌ని వినిపించాడు. “సూడు, పది స్వరాలు పలికే సోట ఒక్కటే పలికిస్తాడు. ఆ ఒక్కటే వణుకుతాది, నవ్వుతాది.” తరవాత ఆల్బర్ట్ కింగ్, ఆ తరవాత మడ్డీ వాటర్స్. కొత్తవాడు దొరికినప్పుడల్లా భాను, అడవిలో పనస చెట్టు కనిపెట్టిన కోతిలా గంతులేసేవాడు.

ఇప్పుడు సొంత గిటారు కావాలి. షరతు ఒక్కటే, అదీ తనకు తను పెట్టుకున్నదే. స్వర్ణకు నచ్చకపోతే కొనడు. అలా ఇది రెండో ఆదివారం.

“వాయించుకునేది నువ్వు. ఆ గుంటకెందుకు నచ్చాల?”

“ఉండేది ఇద్దరం బాబాయ్. నేనొక్కణ్ణే సంతోషపడే వస్తువు ఇంట్లో ఎందుకు?”

సింహాచలం భార్య రత్నాలు కాఫీ గ్లాసులతో వచ్చింది. “అమ్మాయ్, కాఫీ!” అంది. స్వర్ణ పలకలేదు. మళ్ళీ పిలిచింది. ఊహూఁ. స్వర్ణ కళ్ళు భాను మూతి మీదే ఉన్నాయి.

“ఓలమ్మ! ఈ గుంట మొగుడి మూతి మీంచి సూపు తిప్పదేటి!”

భాను నవ్వుతూ భుజం తట్టాడు. స్వర్ణ ఉలిక్కిపడి, గ్లాసు అందుకుని, సిగ్గుగా నవ్వేసింది.

“సూసేరా?” మొగుడి మీదకి తిరిగింది రత్నాలు. “పెళ్ళంటే అలాగుండాల. మీరెప్పుడైనా నా మొకం అలా సూసేరా?”

“సూసేను. పెళ్ళిసూపుల్లో. అప్పుడు నువ్వు తలొంచేసుకున్నావు.”

భాను ఫోను టింగుమంది. చదివి పకపకా నవ్వాడు.

“పక్కన కూకుని మెసేజీలేటర్రా!”

“బి.బి. కింగ్ తన గిటారుని లూసిల్ అని పిలుచుకునేవాడని నిన్న చెప్పాను పిన్నీ. నేనూ గిటారుకి ఆడపేరు పెడితే కురుపాం బస్సెక్కి పుట్టింటికి పోతుందట.”

సింహాచలం ఈసారి ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు దించి, మూలనున్న నల్లటి స్పీకరు పెట్టెకి, ఆంప్‌కి, తగిలించాడు. “బ్లూస్‌కి అసలైన మందు ఇదీ. తీగ సాగదీసి వదిల్తే ఆంప్ పులిలాగ గుర్రుమంటాది.”

స్వర్ణ గబుక్కున వెళ్ళి ఆ ఆంప్ మీదే కూర్చుంది.

“అమ్మా, అది స్టూలు కాదు!”

భాను గిటారు అందుకుని లావు తీగ మీటాడు. స్వర్ణ కళ్ళు ఇంతింతయ్యాయి. వేలాడే కాళ్ళు ఊగడం మొదలెట్టాయి. భాను జోరు పెంచాడు, కాళ్ళూ జోరు పెంచాయి. సింహాచలం మనసులోనే గిటారుకి అట్టపెట్టె వెతికేశాడు.

ఇంతలో కరెంటు పోయింది.

భాను మీటుతూనే ఉన్నాడు. తీగలు సన్నగా పలుకుతూనే ఉన్నాయి. స్వర్ణ కాళ్ళు మాత్రం ఠక్కున ఆగిపోయాయి. ఆంప్ వైపు చూసి మూతి ముడిచింది.

“మా ఊళ్ళో కరెంటు ఇంతకన్నా ఘోరం,” భాను మొహం వాడిపోయింది. “గాలివాన వస్తే రోజుల తరబడి ఉండదు. కరెంటు లేకుండా ఇంత గట్టిగా పలికేది ఏదీ లేదా బాబాయ్? ఇదే ఆఖరు. లేదంటే ఈ ఆశ వదిలేసుకుంటాను.”

సింహాచలం బుర్ర గోక్కున్నాడు. లోపలికెళ్ళి కాఫీ గింజల బస్తాల వెనక నుంచి దుమ్ముకొట్టుకున్న పెట్టె ఒకటి ఈడ్చుకొచ్చాడు.

“ఇనప గిటారు. లోపల స్పీకరులాంటి రేకు గిన్నె ఉంటాది. మైకులు లేని రోజుల్లో జనం గోలలో వినపడాలని సేసేరు. సన్ హౌస్ అని పాతకాలం బ్లూస్ పాటగాడు వాయించింది ఇలాటిదే. మొయ్యలేక ఎవులూ కొనరు.”

భాను ఒళ్ళో పెట్టుకున్నాడు. పెట్టెలోనే ఉన్న, సీసా మెడ కోసి నునుపు చేసిన గాజు గొట్టాన్ని వేలికి తొడిగాడు. స్వర్ణ ఎదురుగా వచ్చి కూర్చుని, వంగి, చల్లటి ఇనుము మీద చెంప ఆనించింది.

“రామ రామ,” రత్నాలు కొంగు అడ్డం పెట్టుకుని, సందులోంచి చూసింది.

భాను మీటాడు. గాజు గొట్టం తీగ మీద జారింది. బల్ల మీద కాఫీ గ్లాసులు జిమ్మన్నాయి. స్వర్ణ అదిరిపడి వెనక్కి జరిగింది. భాను చెయ్యి ఆగిపోయింది.

స్వర్ణ ఆ చేతిని పట్టుకుని మళ్ళీ తీగల మీద పెట్టింది.

ఈసారి చెంపతోపాటు రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకుంది. భాను నెమ్మదిగా వాయించాడు, ఆమె పాదం నెమ్మదిగా నేలను తట్టింది. వేగం పెంచాడు, పాదం వేగం పెంచింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహమంతా నవ్వు.

“ఏడుస్తాదేటండీ?” రత్నాలు కంగారుపడింది.

“నవ్వుతాంది కదే! అమ్మా, నచ్చిందో లేదో బేగి సెప్పు!”

స్వర్ణ భాను గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. రెండు చేతుల వేళ్ళూ గాలిలో గబగబా కదిలించింది. మళ్ళీ అదే, మళ్ళీ అదే.

“ఏటంటాది బాబూ?” అంది రత్నాలు.

భాను ఆ వేళ్ళనే చూస్తూ చెప్పాడు.

“పుట్టాక మొదటిసారి పాట వినపడిందంటోంది పిన్నీ.”