దిద్దిన పాట

“అమ్మ పాట ఫైలు ముట్టుకున్నావా నాన్నా?” ప్రోగ్రామరైన కూతురు నిలదీసింది. పోయిన తల్లి గొంతు మిగిలింది అందులోనే.

“నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి అక్షరాలేనమ్మా. కొన్ని కొట్టేసి సేవ్ చేశా,” అన్నాడు, ముప్పైయేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన తండ్రి.

“అది బైనరీ ఫైలు! మనుషులు చదివేది కాదు. తెలీనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి!”

మిగిలినదాన్ని చదివి బాగుచేయడానికి రుసరుసలాడుతూ ప్రోగ్రాము రాసి నడిపింది. ఆ కోపంలో ఫైలును చదవడానికి బదులు రాయడానికి తెరిచింది. అలా తెరిస్తే లోపలున్నదంతా ముందే తుడిచిపెట్టుకుపోతుంది.

తెర మీద ఖాళీ ఫైలు, సైజు సున్నా.

తండ్రి కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. “ఒక్క పిచ్చి అక్షరమూ లేదే! బాగయిందా తల్లీ?”

కూతురు చేతులు కట్టుకుని కూర్చుంది.