సోమవారం దాకా

“ఎక్కడున్నావో చెప్తావా చెప్పవా? నా మీద ఒట్టే!” అని ఫోన్లో అరిచింది మరియరాణి.

అవతల ఆమె తమ్ముడు సుందర్ రాజు. ఆఫ్రికాలో, అంతర్యుద్ధంతో తగలబడుతున్న ఒక దేశంలో లెక్కల మాస్టారు. ఊళ్లకు ఊళ్లే కాలిపోతుంటే, ఆ సర్కారుకి ఈ 1989లోనే రాష్ట్ర గవర్నర్ ఎన్నిక కావాల్సివచ్చింది. ఓట్లు లెక్కపెట్టడానికి ఏ పక్షమూ కాని మనిషి ఉండాలని ఈ పరాయివాణ్ణి పట్టుకున్నారు. లెక్కపెట్టేవాణ్ణి చంపేస్తామని తిరుగుబాటుదార్లు రేడియోలోనే చెప్పేశారు.

“నా వల్ల కాదని చెప్పి వచ్చెయ్ రా!”

“పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుందక్కా. సోమవారం కౌంటింగ్ అయ్యాకే ఇస్తారంట. అందాకా మిషన్ ఆస్పత్రి వెనక స్టోర్‌రూమ్‌లో దాక్కున్నా. డాక్టర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు నోరు జారబాక.”

లైను తెగిపోయింది.

ఆ శుక్రవారం మరియరాణి నర్సు డ్యూటీకి వెళ్లలేదు. అన్నం వండింది, ముద్ద దిగలేదు. భర్త జయరత్నం పక్కన కూర్చున్నాడు.

“ఈ కంగారూల దేశంలో, మన టూంగాబీలో ఎవరికి చెప్పుకున్నా ఏమవుద్దే? ఆ తిరుగుబాటోళ్లేమన్నా మనింటికి పెరట్లో బార్బీ మాంసం కాల్చుకు తినడానికొస్తారా?”

నవ్వించబోయాడు, పాపం. ఆమె భోరుమంది.

“మమ్, జస్ట్ ప్రే,” అంది కూతురు డయానా.

అంతకన్నా చేయగలిగింది మాత్రం ఏముంది? తెలుగు ప్రేయర్ గ్రూపు పాస్టర్ యోగానంద్ గారికి ఫోన్ చేసింది.

“మా తమ్ముడికి ప్రాణాపాయం అయ్యగారూ. ప్రార్థన చెయ్యండి.”

“పేరు, ఊరు, సమస్య, అంతా వివరంగా చెప్పమ్మా. ఊరికే తమ్ముడంటే ఎట్టా? పట్టుబట్టి అడగాలి గదా.”

“వివరంగా అంటే...” ఆమె తడబడింది.

“దేవుడి దగ్గర దాపరికం ఏందమ్మా?”

నిజమే కదా! జ్వరమొస్తే ఏ వార్డులో ఏ మంచమో, పరీక్షయితే హాల్‌టికెట్ నంబరెంతో కూడా ప్రార్థనలో చెప్పుకునే ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. ఒక్కటీ దాచకుండా అంతా చెప్పేసింది. గుండె మీద బరువు కాస్త దిగినట్టనిపించింది.

శని, ఆదివారాలు ఉపవాసం ఉంది. పోలింగ్ అయిపోయిందనీ, మూడు పోలింగ్ బూత్‌లు తగలబెట్టారనీ రేడియోలో చెప్పారు. సుందర్ రాజు పేరు మాత్రం రాలేదు. రానందుకు స్తోత్రం చెప్పుకుంది. ఇక మిగిలింది ఒక్కరోజే.

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది. పాస్టర్ గారు. మనిషి సంబరంలో ఉన్నాడు.

“సిస్టర్, గుడ్ న్యూస్! నేనొక్కణ్ణే ప్రార్థిస్తే ఏం సరిపోద్దని చైన్ ప్రేయర్ పెట్టించాను. నీ మనవిని దేశదేశాల చర్చిలకి ఫ్యాక్స్ కొట్టాం.”

“ఎంత మేలు చేశారు అయ్యగారూ!” మరియరాణి కళ్లు తుడుచుకుంది.

“అసలు సంగతి ఇంకా వినలేదు నువ్వు. మీ తమ్ముడున్న ఊళ్లో చర్చి నంబరు కూడా దొరికింది. అక్కడిప్పుడు పొద్దున గదా, ఇందాకే జవాబొచ్చింది. ఆరాధనలో నువ్వు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా, స్టోర్‌రూమ్‌తో సహా, ఊరంతా వినపడేట్టు మైకులో చదివారంట!”