భుజాలు దాటిన జుట్టు

దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే కథ కాదిది. మా ఫ్రాంకు జాతిలో జుట్టు భుజాలు దాటినవాడే రాజు. అందుకే తమ్ముడు రాజ్యం లాక్కుని, అన్నకు గుండు గీయించి మఠంలో పడేశాడు. ఆ అన్న మొన్న సాయంత్రం పోయాడు. పెంచిన దాది బెర్తిలా శవం దగ్గర కూర్చుంది.

"తెల్లారి రాజుగారొచ్చి తల చూస్తారు. వెంట్రుక కనబడిందా, మనిద్దరి తలలూ ఉండవు అవ్వా," అన్నాడు మఠాధిపతి.

"చచ్చినవాడి గుండుకీ భయమేనా ఆయనకి?" అందామె.

రాత్రి ఎండుగడ్డి కదిలినట్టు చప్పుడైంది. దీపమెత్తి చూస్తే శవం జుట్టు చెవులు దాటింది. కత్తి తీసుకుని గొరిగింది. కత్తి కడిగి వచ్చేసరికి భుజాల మీద పరుచుకుని ఉంది. తెల్లవారుతుండగా బయట రాజుగారి గుర్రాల డెక్కల చప్పుడు వినిపించింది.

బెర్తిలా కత్తి పక్కన పెట్టి దువ్వెన తీసింది.

"కదలకు నాయనా," అంది చిన్నప్పటిలాగే.

అతను తల కాస్త ఎత్తాడు.

నాకు తెలిసింది ఇంతే. మరిచిపోకుండా మీ పిల్లలకి చెప్పండి, మెల్లగా.