మూడో గీత

స్పోర్ట్స్ కారుకు పాత ఫాగ్ లైట్లు పీకి కొత్తవి బిగించేసరికి రాత్రి పదకొండు దాటింది. ఇక గ్యారేజీ దీపం ఆర్పి, వెలుగు ఎత్తు సరిచూడాలి. బావమరిదిని ఎదురుగోడ దగ్గర నిలబడి, వెలుగు పైఅంచు పడిన చోట సుద్దతో గీత గీయమన్నాడు అతను. తను బంపరు కింద వెల్లకిలా దూరి, లైటు వెనక స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు.

“గీశావా?”

సుద్ద గరగరలాడింది.

“నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా? సరే, ఇంకాస్త దించాను. మళ్ళీ గియ్యి.”

మళ్ళీ గరగర. బుద్ధిగానే చేస్తున్నాడు అనుకున్నాడు.

అంతలో ఇంట్లోకి వెళ్ళే తలుపు కిర్రుమంది.

“సుద్ద కోసం ఇల్లంతా గాలించాను బావా. ఇదిగో, ఇప్పటికి దొరికింది,” అంటూ బావమరిది వచ్చాడు. “మొదలుపెడదామా?”

అతను కింద నుంచే మెడ తిప్పి గోడకేసి చూశాడు. తెల్లటి వెలుగులో మనిషి లేడు. మోకాలెత్తున రెండు గీతలున్నాయి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

“బ్యాటరీ దిగిపోతుంది, కాసేపు ఆర్పేస్తాను,” అన్నాడు బావమరిది.

“వద్దురా!” అనేలోపే స్విచ్చి టక్కుమంది.

చీకట్లో మళ్ళీ గరగర వినిపించింది. ఈసారి గోడ మీద కాదు. బంపరు మీద, సరిగ్గా అతని మొహానికి పైన.