మోగిన నాణేలు

ఆస్పత్రి గేటు దగ్గర గార్డు చేతిలోని యంత్రం కుయ్యిమంది.

కిందటి వారం ఎవడో చాకు దాచుకుని వార్డులోకి వెళ్ళినందుకు మేనేజరు ఈ గార్డుకి చెడామడా చీవాట్లు పెట్టాడు. ఇంకోసారి ఇలా జరిగితే యూనిఫాం విప్పేసి ఇంటికి పొమ్మన్నాడు. అప్పటినుంచీ గార్డుకి పసిబిడ్డ పాలసీసా చూసినా అనుమానమే.

ఈసారి యంత్రం మోగింది ఒక పెద్దమనిషి జేబు దగ్గర. తీయమంటే చిన్న గుడ్డసంచి తీశాడు. అందులో నాణేలు. కొన్ని వంకరపోయాయి, కొన్నిటికి మధ్యలో చిల్లు, అన్నిటికీ మట్టి. వాటి మీది అక్షరాలు ఏ భాషవో గార్డుకి అంతు చిక్కలేదు.

"ఏ దేశానివి ఇవి?"

"చాలా దేశాలవి. నేలలో దొరికాయి."

దొరికాయట. సంచి పట్టుకున్న చేతికి రెండు వేళ్ళు లేవు. అవి ఎలా పోయుంటాయో ఊహించుకుని గార్డు ఒక అడుగు వెనక్కి వేశాడు.

పైన వార్డులో తన తమ్ముడున్నాడనీ, ఇవి వాడికి ఇవ్వాలనీ ఆయన చెప్పాడు. ఇద్దరి పేర్లూ అడిగి, మరి ఇంటిపేర్లు కలవలేదేమని గార్డు నిలదీశాడు. తోడబుట్టినవాడు కాదు, కలిసి పనిచేసినవాడు అన్నాడాయన. దాంతో గార్డు అనుమానం కాస్తా ఖాయమైపోయింది.

"సంచి మీ దగ్గరే ఉంచుకోండి. నన్ను ఒక్కసారి పైకి పంపండి. వాడికి ఎక్కువ టైం లేదు బాబూ."

"పోలీసుల్ని రానీ. అప్పుడు చూద్దాం."

ఆయన గొడవ చేయలేదు. గార్డు గదిలోని బల్ల మీద కూర్చుని మెట్ల వంకే చూస్తూ ఉండిపోయాడు. అంత నెమ్మదిగా ఉండటం కూడా గార్డుకి తేడాగానే తోచింది.

పోలీసులు తీరిగ్గా వచ్చారు. ఆయన గుర్తింపు కార్డు చూడగానే ఇన్‌స్పెక్టరు సెల్యూట్ కొట్టి, తనే దగ్గరుండి పైకి తీసుకెళ్ళాడు.

వాళ్ళు మెట్లెక్కుతుండగానే పైనుంచి ఏడుపు వినిపించింది.

చాలాసేపటికి ఆయన కిందికి దిగి వచ్చాడు. గార్డు సంచి అందించబోతే ఆయన తీసుకోలేదు, మా మరదలికి ఇవ్వండి అన్నాడు.

"మోగినప్పుడు ఆపారు. అందులో తప్పేం లేదు. మా పనిలోనూ అంతే."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

సంచి కోసం వచ్చిన ఆవిడ అందులోంచి ఒక నాణెం తీసి, కొంగుతో మెల్లిగా తుడిచింది.

"మా ఆయన చివరిదాకా తలుపు వంకే చూశారు. ఇవి ఒక్కసారి గుప్పిట్లో పట్టుకోవాలన్నారు."

గార్డు తలెత్తలేకపోయాడు. వాళ్ళిద్దరూ ఏం పని చేసేవాళ్ళమ్మా అని గొణిగాడు.

"యుద్ధాలు అయిపోయిన ఊళ్ళలో మందుపాతరలు తీసేవాళ్ళు. యంత్రం మోగినచోటల్లా మా బావగారు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి తీసేవారు. పాతర కాక నాణెం బయటపడితే, ఆ రోజుకి బతికిపోయామని దాన్ని ఈ సంచిలో వేసుకునేవారు."