గార్నెట్ పేచీలు

"ఈసారి చెరుకు కోతలు కాగానే స్పైట్స్‌టౌన్ పోదాం. పదిహేను రోజులుండి వద్దాం," అంది ఎర్మీన్, మొగుడి పళ్ళెంలో చేప వేస్తూ.

పెద్ద ముక్కే వేసింది. అడిగేది కూడా పెద్దదే మరి.

గార్నెట్ ముందు చేప సంగతి చూశాడు. తరవాత తీరిగ్గా అడిగాడు.

"ఎక్కడ పడుకుంటాం?"

పేచీ మొదలైందని ఎర్మీన్‌కు అర్థమైంది. చెరుకు కొట్టడంలో ఎస్టేటు మొత్తం మీద అతనికి సాటి లేరు. పక్క మారితే మాత్రం చంటిపిల్లాడే. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో పడుకోబెడితే, తెల్లారేదాకా గోడకు ఆనుకుని గుడ్లప్పగించి కూర్చున్నాడు. నిద్రంటూ పడితే తన ఇంట్లోనే పడుతుంది. తన చేత్తో చెక్కలు కోసి, పునాది లేకుండా రాళ్ళ మీద నిలబెట్టుకున్న ఆ రెండు గదుల్లోనే.

"మా ఊనక్క ఇల్లుందిగా."

"మీ బావ గురక కూడా ఉందిగా."

"పోనీ, చర్చి సందులో అద్దె గదులున్నాయి."

"ఎవరెవరో పొర్లిన పరుపులు. నాకొద్దు."

ఎర్మీన్ సముద్రం ఒడ్డున, ఆ స్పైట్స్‌టౌన్‌లోనే పుట్టింది. గార్నెట్‌ను చేసుకుని ఈ కొండల మధ్య చెరుకు తోటల్లోకి వచ్చి పడింది. బార్బడోస్ ఎంత దీవి గనక! కొండెక్కితే సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. కాని దూరంగా కనిపించడం వేరు, కళ్ళు తెరవగానే అలల చప్పుడు చెవిన పడడం వేరు. ఆ చప్పుడు లేని పొద్దులు ఆమెకు ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు.

అందుకే కోతలు జరిగినన్నాళ్ళూ మొగుణ్ణి ఊరిస్తూనే ఉంది.

"అక్కడ బస్సెక్కే పనే లేదయ్యా. పెరడు దాటితే ఇసుక. ఈ పక్కకి తిరిగితే చేపల బజారు, ఆ పక్కకి తిరిగితే నీకిష్టమైన రమ్ము కొట్టు. తాగి తూలినా ఇల్లు చేరతావు. అంతా నడిచే దూరమే."

గార్నెట్ రాననడు. వస్తాననీ అనడు. ప్రశ్నలు మాత్రం వేస్తాడు.

"మీ అక్కావాళ్ళ సందు ఎంత వెడల్పుంటుంది?"

"నడిచే మనిషికి సందు వెడల్పుతో ఏం పని? గవర్నరుగారి కారులో దిగుతావా?"

"పెరట్లో వాన నీళ్ళు నిలుస్తాయా?"

"నువ్వు పెరట్లో పడుకుంటావా ఏంటి?"

"గాలి ఎటువైపు నుంచి కొడుతుంది?"

"నీ నెత్తి మీద నుంచి!" అంటూ ఎర్మీన్ గిన్నె కుదేసి లేచిపోయింది. రానివాడికి ఎన్ని సాకులో!

కోతలు అయిపోయాయి. ఆఖరి మోపులు వేసుకున్న లారీకి పూలు కట్టి ఊరేగించారు. ఆ సాయంత్రం లారీ డ్రైవరు డార్న్లీతో గార్నెట్ ఏదో గుసగుసలాడుతుంటే ఎర్మీన్ కంటపడింది. ఆమెను చూడగానే ఇద్దరూ గప్‌చుప్.

"తెలుసులే," అంది ఎర్మీన్. "నేనటు వెళ్ళగానే ఇక్కడ డొమినో ఆటలూ, రమ్మూ. అంతేగా?"

"అబ్బే, అలాంటిదేం లేదు వదినా," అని డార్న్లీ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

ప్రయాణం రోజున ఆమె తన గౌన్లతో పాటు అతని చొక్కాలు కూడా మంచం మీద పరిచింది. గార్నెట్ వాటిని మడిచి మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వెళ్ళవే. పరాయి ఇంట్లో నాకు నిద్ర పట్టదని తెలుసుగా."

ఎర్మీన్‌కు పౌరుషం వచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"నేను చూడని సముద్రమా అది? నీ పక్కన కూర్చుని చూద్దామనుకున్నానయ్యా. ఒక్కసారి. అంతే."

గార్నెట్ తల దించుకుని కాళ్ళ వంక చూసుకున్నాడు. "బస్సుకు టైమవుతోంది," అన్నాడు. సంచీ మోసుకొచ్చి, బస్సెక్కించి, వెనక్కి కూడా చూడకుండా వడివడిగా వెళ్ళిపోయాడు. అంత తొందరేమిటో.

స్పైట్స్‌టౌన్‌లో ఊనక్క ఎదురొచ్చింది.

"మా మరిది రాలేదేమే?"

"ఆయన పెళ్ళాడింది నన్ను కాదక్కా, ఆ ఇంటిని."

ఊనక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎర్మీన్‌కు ఒళ్ళు మండింది. పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. బట్టలారేసే తీగ లేదు. కోళ్ళ గూడు ఓ మూలకు జరిపేశారు. నేలంతా శుభ్రంగా చదును చేసి ఉంది. అక్కకు ఈ వయసులో శుభ్రం పిచ్చి పట్టిందేమిటా అనుకుంది. ఎదురుగా సముద్రం ఎంత అందంగా ఉందో! పక్కన చోటు ఖాళీగా ఉంది.

మర్నాడు కళ్ళు తెరవగానే అలల చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళూ కలవరించిన చప్పుడు. విని, దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది.

ఆ చప్పుడులో ఇంకేదో కలిసింది. మగవాళ్ళ కేకలు, సుత్తి దెబ్బలు.

"పొద్దున్నే ఏం గోలక్కా ఇది?"

"నాకేం తెలుసు? నువ్వే వెళ్ళి చూడు," అంది ఊనక్క, పొయ్యి మీద మామూలు కంటే పెద్ద గిన్నె పెడుతూ.

ఎర్మీన్ కళ్ళు తుడుచుకుని పెరటి తలుపు తీసింది.

సందులోకి వెనక్కి పెట్టిన లారీలోంచి డార్న్లీ ఒక్కొక్క చెక్క గోడా దింపి అందిస్తుంటే, గార్నెట్ సముద్రం వైపుకి కిటికీ వచ్చేలా చూసుకుంటూ, కొండ మీంచి విప్పి తెచ్చిన తన రెండు గదుల ఇంటిని రాళ్ళ మీద మళ్ళీ నిలబెడుతున్నాడు.